మాంసానిదా, పాలదా?

మా అత్తగారి వంటింట్లో గరిటెలకు కూడా కులగోత్రాలున్నాయి. పప్పు గరిటె పెరుగులో పడకూడదు. పెరుగు గరిటె ఎక్కడా పడకూడదు. గుడ్డు వేయించే పెనానికి వేరే మేకు, వేరే పీచు. కోడి, చేప వండే నీచు గిన్నెలు వంటింటి గడప దాటి లోపలికి రావు. పెరట్లో రేకుల కింద వాటి పొయ్యి, వాటి అలమర, వాటి సబ్బు వాటికి ఉన్నాయి. శనివారం ఆ అలమర తలుపు తీయకూడదు. పెరుమాళ్ళకి మొక్కే పురటాసి నెలంతా దానికి తాళమే. చేప తిన్న రోజు మజ్జిగ తాగకూడదు. ఎందుకని అడిగితే అత్త "పళక్కం" అంటుంది. అలవాటు అనే చిన్న మాటకి మా తమిళనాటి తెలుగులో ఉన్న బరువైన పేరు అది. దాని తర్వాత ప్రశ్న ఉండదు.

ఇవి కాక ఒక స్టీలు టంబ్లర్ ఉండేది. అది వంటింట్లోనూ ఉండదు, నీచు అలమరలోనూ ఉండదు. పెరటి కిటికీకి బయటివైపు గట్టు మీద బోర్లించి ఉంటుంది. ఇక్కడ పాత్రలు కొన్నప్పుడే కొట్లో పేరు చెక్కించి తెచ్చుకుంటారు. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు ఉంటుంది. మామగారిది, అత్తది, నా పెళ్ళి సామాన్ల మీద మా నాన్నది. నీచు గిన్నెల మీద కూడా మామగారి పేరే. ఆ టంబ్లర్ మీద మాత్రం ఏ పేరూ లేదు. అది మొదటి నుంచీ మా ఇంట్లో పనిచేస్తూ, పాప పుట్టాక దాన్నీ చూసుకునే అక్క నీళ్ళు తాగే టంబ్లర్.

నేను వాడిపట్టి పిల్లని. మదురైలో ఆహార శాస్త్రం చదివి, కోయంబత్తూరు శివార్లలోని ఈ తోట ఇంటికి కోడలిగా వచ్చాను. తెలుగు అక్షరాలు మా తాత పట్టుబట్టి నేర్పాడు. మా ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, చదవగలిగిన వాళ్ళూ లేరు. అందుకే పాప నిద్రపోయాక ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

అక్క కూడా ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. బస్టాపు అవతలి కాలనీలో అందరూ తెలుగే. వందల ఏళ్ళ కిందట మా వాళ్ళు గుర్రాల మీద ఈ దేశానికి వచ్చారని మామగారు పెళ్ళిళ్ళలో చెబుతుంటారు. ఆ గుర్రాల జీనులు కుట్టిన వాళ్ళు ఏమెక్కి వచ్చారో ఆయన చెప్పరు. వాళ్ళు కూడా అదే దారిన వచ్చి ఉంటారు, కాలినడకన, మా వెనకాలే. నేను "అక్కా" అని పిలిస్తే అత్తకి నచ్చదు. "అక్క ఏమి? దానికి పేరు లేదా?" అంటుంది. పేరు ఉంది. టంబ్లర్ మీదే లేదు.

ఆమె లేకపోతే నాకు గడవదు. పాపకి అప్పుడు ఏడాదిన్నర. నా భయాలన్నీ దాని బరువు చుట్టూ తిరిగేవి. ఫోన్లో ఒక గీత ఉంటుంది, ఆ వయసు పిల్లలు ఎంత ఉండాలో చూపించేది. మా పాప ఆ గీత కింద ఉండేది, చూరు కింద నిలబడ్డ మనిషిలా. మందులు కొట్టని రాగులు తెప్పించి, మొలకలెత్తించి, ఎండబెట్టి, గంజి కాచేదాన్ని. చెంచా మరిగించేదాన్ని. గిన్నె మరిగించేదాన్ని. పాపని ఎత్తుకునే ముందు అక్క చేతుల మీద మందు నీళ్ళు కొట్టేదాన్ని. అత్తది ఆచారం, నాది ఆరోగ్యం అనుకునేదాన్ని. నన్ను చూడగానే పాప పెదాలు బిగించేది. అక్క గంజి గిన్నె తీసుకుని పాపని చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళి, పావుగంటలో ఖాళీ గిన్నెతో తిరిగొచ్చేది. ఎలా తినిపించిందో నేను అడగలేదు. ఖాళీ గిన్నెని ఎవరు ప్రశ్నిస్తారు?

మా చిన్నమామ, అంటే మామగారి తమ్ముడు, తోటలోనే షెడ్డు వేసి మునగాకు పొడి చేయించి విదేశాలకు పంపుతాడు. తెల్లారేలోపు ఒట్టన్‌చత్రం వైపు నుంచి వ్యాన్లో ఆకు వస్తుంది. మా పెరటి గోడ పక్కన ఉన్న తొట్లలో కడిగి, ఆరబెట్టి, మిల్లు ఆడిస్తారు. ఆ పొడి నాణ్యత చూడటం నా పని. ఒక రోజు కొనేవాళ్ళు కోషర్ సర్టిఫికెట్ కావాలని మెయిల్ పెట్టారు.

"అది ఏమ్మా? హలాల్ మాదిరా?" అన్నాడు చిన్నమామ.

"యూదుల తిండి నియమాలు మామా."

"మన్ది ఆకు. ఆకుకి ఏమి నియమం? శుద్ధ సైవం అని రాసి పంపెయ్యి."

శుద్ధ శాకాహారం అనే మాట విన్నాక ప్రపంచమంతా చెప్పులు విడిచి లోపలికి రావాలని మా వాళ్ళ నమ్మకం. నేను కూర్చుని చదివాను. మాంసం, పాలు కలవకూడదు. అవే కాదు, వాటి గిన్నెలు, గరిటెలు, తోమే పీచులు కూడా. మాంసం తిన్నాక పాలు ముట్టాలంటే కొందరు ఆరు గంటలు ఆగుతారు. చేపకి పొలుసులూ రెక్కలూ ఉండాలి. రొయ్య, పీత పనికిరావు. గుడ్డులో రక్తపు చుక్క కనిపిస్తే పారేయాలి. పురుగు అసలే పనికిరాదు, అందుకే ఆకు మీద వాళ్ళకి అంత అనుమానం. లోహపు గిన్నె తప్పు దారిన పడితే మరిగే నీళ్ళతో మళ్ళీ దారికి తెచ్చుకోవచ్చు. మట్టి కుండ పడితే మాత్రం అంతే.

చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న అత్తకి ఇవన్నీ చదివి వినిపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఆరు గంటలు ఆగతారా? మంచి కుటుంబస్తులు. ఇదంతా వాళ్ళకి ఎవరు చెప్పింటారు? మన పెద్దోళ్ళే ఎవరో పొయ్యి చెప్పింటారు."

సర్టిఫికెట్ ఇచ్చే ముందు తనిఖీకి వచ్చే వాళ్ళ మతగురువుకి, అంటే రబ్బీకి, మన ఇంట్లోనే భోజనం అని అప్పటికప్పుడు తేల్చేసింది. ఆయన బయట తినకపోవచ్చని చెప్పి చూశాను.

"ఉల్లి వెల్లుల్లి లేకుండా చేస్తా. నా చేతి వంట వద్దనే మనిషి ఈ జిల్లాలో ఉండాడా?"

లేడు. వద్దనే పని ఎప్పుడూ ఆమెదే. ఎవరింట్లో నీళ్ళు తాగొచ్చో, ఎవరింట్లో పండు మాత్రం తీసుకోవచ్చో, ఎవరి వాకిట్లో నిలబడే మాట్లాడి రావాలో ఆమెకి కంఠతా వచ్చు. పెళ్ళిళ్ళకి వెళ్తే సంచిలో సొంత నీళ్ళ సీసా ఉంటుంది.

రబ్బీ వచ్చాడు. ముసలాయన అనుకున్నాం, ముప్పై దాటని సన్నటి మనిషి. నల్ల కోటు, గడ్డం, గడ్డంలోంచి చెమట. గుప్పెడు మునగాకు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళని తెల్లటి బట్టలోంచి వడగట్టి, బట్టని దీపం మీద పరిచి వెతికాడు. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు అత్త అలాగే వంగుతుంది. సూది మొనంత పురుగొకటి దొరికింది. నన్ను పిలిచి చూపించాడు.

"నో నో సార్. దట్ ఈజ్ ప్రోటీన్," అన్నాడు చిన్నమామ.

రబ్బీ ముందు నవ్వలేదు. తర్వాత చాలాసేపు నవ్వాడు. ఆకుని ఇంకో రెండు సార్లు కడగమని రాసుకున్నాడు.

మధ్యాహ్నం అరిటాకు వేసి పదకొండు రకాలు వడ్డించింది అత్త. ఆయన ఆకు ముందు కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, చాలా మర్యాదగా తినలేనని చెప్పాడు. వంటలో లోపం లేదు, గిన్నెలతోనే చిక్కు అన్నాడు. సంచిలోంచి సొంత బిస్కెట్లు, సొంత నీళ్ళ సీసా, ఒక పేపర్ కప్పు, ఒక చిన్న డబ్బా తీశాడు. డబ్బా మూత టక్కున లాగాడు.

అత్త ముక్కు ముందు కనుక్కుంది. "మీనా?"

చేపే. మూడు తరాలుగా గడప దాటని నీచు, ఆమె పాయసం గిన్నె పక్కనే, పెరుమాళ్ళ పటం ఎదురుగా, డబ్బాలోంచి బయటికి వచ్చింది. మాలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే ఇల్లంతా కడిగించేది. ఎగుమతి ఆర్డరు తెచ్చే దొర చేశాడు కాబట్టి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నీళ్ళయినా తాగతాడేమో అడుగమ్మా," అంది.

అడిగాను. నీళ్ళు కూడా తన దగ్గర ఉన్నాయన్నాడు.

ఆ క్షణం అత్త ముఖం నేను మర్చిపోలేను. జీవితమంతా ఇతరుల వాకిళ్ళలో తాను చెప్పిన మాట, మొదటిసారి తన వాకిట్లో విన్నది. "మన నీళ్ళు ఆయనకి పడవా?" అని నెమ్మదిగా అడిగింది, నన్ను కాదు, గోడని. పెరటి గుమ్మంలో పాపని ఎత్తుకుని నిలబడ్డ అక్క ఫక్కున నవ్వి, పాప పొట్టలో ముఖం దాచుకుంది.

ఈ నియమాలు ఎందుకని నేను రబ్బీని అడిగాను. కారణం మాకు చెప్పలేదు, ఆగమని చెప్పారు అన్నాడు. తినే ముందు ఆగి, ఇది ఎక్కడిది, దేనిలోంచి వచ్చింది అని అడగాలి. ఆ అడగడమే మా పని అన్నాడు.

"ఏమంటాడు?" అంది అత్త.

"పళక్కం అంటున్నాడు."

"మంచి పిల్లోడు," అంది.

చివరికి ఎలనీరు తాగుతానన్నాడు. అక్క కొడవలితో బొండం చెక్కింది. ఆ కొడవలితో ఇంకేమైనా కోస్తారా అని అడిగి, కొయ్యరని చెప్పాక పీల్చాడు. అత్త చేతి పాయసం పడని మనిషికి అక్క చేతి బొండం పడింది. వాళ్ళ చట్టంలోనూ ఎవరు వండారనే లెక్క కొంత ఉందనీ, కొందరికి పొయ్యి తమవాళ్ళు వెలిగిస్తే సరిపోతుందనీ తర్వాత చదివాను. ఎవరి చట్టమూ గిన్నెల దగ్గరే ఆగిపోయేంత అమాయకం కాదు. కానీ ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్నలన్నీ వస్తువుల గురించే.

వెళ్ళే ముందు ఆకు కడిగే తొట్లు ఇంకోసారి చూడాలన్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళాను. కిటికీ గట్టు మీద ఒంటరిగా బోర్లించి ఉన్న టంబ్లర్ దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. లోపలి గిన్నెలు చూశాడు, రేకుల కింది అలమర చూశాడు. ఇది రెండింటిలోనూ లేదు. నిజమైన ఆసక్తితో, పని తెలిసినవాడు ఇంకో పని తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు:

"ఇది మాంసానిదా, పాలదా?"

అప్పటికి నేను ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు. ఆ టంబ్లర్ గురించి ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. నేను డిగ్రీ చదివాను, రెండు భాషల్లో అబద్ధం చెప్పగలను. అక్క నాలుగడుగుల దూరంలో బొండం పీచు ఊడుస్తోంది.

"మీట్," అన్నాను.

ఆయన తల ఊపి పుస్తకంలో రాసుకున్నాడు. వేరుగా ఉంచడం మంచి పద్ధతి అని మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం అక్క చేతులు కడుక్కుని, పాపని నా చేతికిచ్చి అంది: "అమ్మణీ, నేను మిషన్ ఇస్కూల్లో పది దాకా చదివినా."

"తెలుసక్కా."

"మీట్ అంటే తెలుసు నాకు. మీ అత్త నన్ను ఏమనుకుంటాదో, ఈ ఇంట్లో కాలు పెట్టిన నాడే తెలుసు. ఆమె దాచల్యా. నువ్వు అక్కా అక్కా అంటివే."

ఆయనకి అర్థం కాదు కాబట్టి అలా అన్నానన్నాను.

"ఆయనకి అర్థమయ్యేట్టుగా చెప్పినావు కదా. రాసుకున్నాడు కూడా. ఇంగ నేను రాను."

మర్నాడు రాలేదు. పాప గంజి ముట్టలేదు. అత్త కాకిని చూపించింది, పిల్లిని చూపించింది, మునగాకు వ్యాను హారన్ కొట్టించింది. నేను ఫోన్లో బొమ్మలు చూపించాను. పాప పెదాలు బిగించి, పెరటి గుమ్మం వైపు చెయ్యి చాచి ఏడ్చేది. పొడి పొట్లాలు తూచే కాటా మీద పొద్దునా సాయంత్రం దాన్ని కూర్చోబెట్టేదాన్ని. ఆ కాటా గ్రాము కూడా తప్పు చూపించదు, నేనే పరీక్షించి ముద్ర వేయించాను. మూడో రోజుకి నూట ఎనభై గ్రాములు తగ్గింది. మా ఆయన "డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. డాక్టరు ఏం చూడాలి? మా ఇంట్లో అందరికీ జబ్బు తెలుసు, మందు పేరూ తెలుసు, బస్టాపు అవతల ఉంటుందనీ తెలుసు.

ఐదో రోజు రబ్బీ వాళ్ళ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అంతా బాగుంది, ఒకే ఒక్క గమనిక. ఆకు కడిగే చోటికి దగ్గర్లో మాంసానికి వాడే టంబ్లర్ ఒకటి కనిపించింది. దాన్ని తొలగించి, కారణమూ తీసుకున్న చర్యా రాసి పంపాలి.

చిన్నమామ రాత్రి భోజనాల దగ్గర ఫోను ఊపుతూ వచ్చాడు. "మీట్ టంబ్లర్ ఏంది వదినా? నీచు అలమర దాటి ఎట్ల వచ్చింది అది?"

అత్త నిజంగానే అదిరిపడింది. "నా ఇంట్లోనా? అట్ల జరగనే జరగదు!"

"అది అక్క నీళ్ళు తాగే టంబ్లర్," అన్నాను. "ఆయన అడిగితే మీట్ అని నేనే చెప్పాను."

అత్త ఊపిరి తీసుకుంది. గిన్నెల పద్ధతి చెడలేదని తెలిసి ఆమెకి శాంతి కలిగింది. "అంతేనా! నేను భయపడితిని."

"జవాబులో నిజం రాస్తాను మామా," అన్నాను.

"పిచ్చా నీకు? మీట్ అంటే కడిగేస్తే పోతాది. మనిషి అని రాస్తే ఎట్ల కడిగేది?"

ఆ మాట ఆయనకి కూడా వినిపించినట్టుంది. కాసేపు అన్నం కెలికి, చారు అడిగాడు.

మర్నాడు ఆ టంబ్లర్ పాత సామాన్ల వాడి బండెక్కింది. అత్త ఒక ఉపాయం కూడా ఆలోచించింది. కొట్టు నుంచి పేపర్ కప్పుల కట్ట తెప్పించి నా చేతిలో పెట్టింది.

"ఆ యూదుల అయ్యరు దీంట్లోనే తాగినాడు కదా. దొర తాగితే మర్యాద, ఇది తాగితే అవమానమా? పొయ్యి చెప్పి పిలుచుకుని రా."

తర్కం చూస్తే ఎక్కడా పగులు లేదు. నేను కప్పుల కట్ట స్కూటర్ సీటు కింద పెట్టి, పాపని ముందు నిలబెట్టుకుని కాలనీకి వెళ్ళాను. నాలుగేళ్ళలో అక్క ఇంటికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. రెండు గదులు, గోడకి శిలువ, దాని కింద కుట్టు మిషను. అక్క అప్పుడే అన్నానికి కూర్చుంది. పాప నా చేతుల్లోంచి దూకి, తిన్నగా ఆమె ఒళ్ళో కూర్చుని, నోరు తెరిచింది. గూటిలో పిట్ట పిల్ల తెరిచినట్టు. అక్క ఎర్రటి పులుసు కలిపిన అన్నం ముద్ద పెట్టింది. మింగి, మళ్ళీ తెరిచింది.

"అక్కా, అది ఏమి?"

"కరవాడు పులుసు."

కరవాడు అంటే ఎండు చేప.

"ఇది... పాప ఇంతకు ముందు తిన్నదా?"

"ఆరు నెలలుగా తింటుండాది, నా అన్నం డబ్బాలో. నువ్వు ఇచ్చే రాగి గంజి నేను తాగతా ఉంటి. పారబొయ్యలేం కదా, అంత కష్టపడి కాస్తావు. మంచి గంజే అమ్మణీ, ఉప్పే తక్కువ."

నేను ఆరు నెలలు మొలకలెత్తించి, ఎండబెట్టి, మరిగించిన చెంచాతో సహా అందించిన శుద్ధాహారమంతా ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. పాప గీత కిందనైనా నిలబడి ఉంది అంటే, అలా నిలబెట్టింది ఎండు చేప. నాకు ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం క్వాలిటీ ప్రశ్న.

"ఏ చేప?"

"నెత్తిలి."

పొలుసులుంటాయి, రెక్కలుంటాయి. రబ్బీ కూడా వద్దనడు. ముల్లు గుచ్చుకుంటుందేమో అని అడగబోయాను. అక్క వేళ్ళు ముద్దలో ముళ్ళు వెతుకుతున్నాయి. దీపం మీద బట్ట పరిచి పురుగు వెతికిన ఆయన కూడా అంత శ్రద్ధగా వెతకలేదు.

అక్క లేచి చెయ్యి కడుక్కుని నాకు నీళ్ళు తెచ్చింది. స్టీలు టంబ్లర్. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు, తమిళ అక్షరాల్లో. నేను అందుకుని, ఒక్క క్షణం నీళ్ళలోకి చూశాను. కుళాయి నీళ్ళా, కాచినవా అని. ఆ చూపు నాకు తెలియకుండానే వచ్చింది. ఆమెకి తెలిసింది.

"ఏమి చూస్తుండావు? మాంసానిదా, పాలదా అనా?"

గడగడా తాగేశాను. సగం జాకెట్టు మీద పడ్డాయి. అక్క నవ్వింది. నవ్వుతూనే కరాఖండీగా చెప్పింది: "బిడ్డ కోసం వస్తా. టంబ్లర్ నాది నేను తెచ్చుకుంటా, మీది వద్దు. ఇంగొకటి. ఆ పొద్దు ఇంగ్లీషులో చెప్తివి. ఆయన ఊరికి పొయినాడు. మీ అత్త ఇంట్లోనే ఉండాది. ఆమెతో మన మాటలో చెప్పు, నా టంబ్లర్ బయట ఎందుకు పెట్టినారో. ఏ మాట వాడినా సరే, పళక్కం అని మాత్రం చెప్పద్దు."

పేపర్ కప్పుల సంగతి నేను ఎత్తలేదు. అవి ఇప్పటికీ స్కూటర్ సీటు కిందే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి అత్త కాఫీ డికాషన్ దించుతోంది. దారంతా పేర్చుకున్న మంచి మాటలన్నీ గడప దగ్గరే రాలిపోయాయి.

"అత్తా, ఆ టంబ్లర్ బయట పెట్టింది ఆమె కులాన్ని చూసి. నీచు గిన్నెలకైనా అలమర ఇచ్చాం. ఆమెకి కిటికీ గట్టు ఇచ్చాం."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఫిల్టర్ మూత పెట్టి నా వైపు తిరిగింది.

"నేను కాదంటినా? నాకు తెలిసే పెట్టినా. నాకు పెండ్లైన నాడు మా అత్త ఎక్కడ పెట్టిందో అక్కడే పెట్టినా. నాలుగేండ్లుగా ఆ కిటికీ లోంచి దాంట్లో నీళ్ళు పోసింది ఎవరు? నేనా? నాకు మోకాలి నొప్పి, నేను కిటికీ దాకా పోనే పోను."

పోసింది నేను. కిటికీ కమ్మీల మధ్య నుంచి చెంబు పైకెత్తి, అంచు అంచుకి తగలకుండా. ఎవరూ నేర్పలేదు. ఎంత ఎత్తు నుంచి పొయ్యాలో నా చేతికి దానంతట అదే తెలుసు. వాడిపట్టిలో మా అమ్మ కూడా అంతే ఎత్తు నుంచి పోసేది.

పాప ఏడుపు మొదలుపెట్టింది. అత్త దాన్ని ఎత్తుకుని, వీపు మీద చెయ్యి వేసి, ఎముకలు లెక్కపెట్టినట్టు తడిమింది. "రమ్మను. లోపలికే రానీ, లోపలే తాగనీ. బిడ్డ తింటే చాలు నాకు."

ఎండు చేప సంగతి చెప్పలేదు. ఒక రోజుకి ఒక నిజం చాలనిపించింది. ఆ రెండో నిజానికి ఇంతవరకూ రోజు రాలేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని కారణం అనే గడిలో ముందు నిజమే రాశాను: అది మాంసపు పాత్ర కాదు, మా ఇంట్లో పనిచేసే మనిషి పాత్ర. ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. తర్వాత చెరిపేసి, మాంసపు పాత్ర తొలగించాం, ఆ చోటు శుభ్రం చేశాం, ఇక ముందు జరగదు అని రాసి పంపాను. ఇందుకు నేను ఏ సాకూ చెప్పను. చిన్నమామ మెచ్చుకున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి పెరుమాళ్ళ పటం పక్కన వేలాడదీశారు, ఇద్దరికీ కలిపి ఒకే కర్పూరం.

అక్క సొంత టంబ్లర్‌తో వచ్చింది. తిన్నగా వంటింట్లోకి నడిచి, గిన్నెల స్టాండులో మామగారి పేరుకీ అత్త పేరుకీ మధ్య ఖాళీలో దాన్ని బోర్లించింది. అత్త చూసి, స్టాండులో తన గిన్నెలు నాలుగు పై అరకి మార్చుకుంది. ఆ మర్నాడు మాత్రం, ఏమనుకుందో ఏమో, తన పేరు చెక్కిన టంబ్లర్ నిండా కాఫీ కలిపి అక్క ముందు పెట్టింది. ఆమె జీవితంలో అంత పెద్ద దానం చేసి ఉండదు. చేసి, అందరం చూశామా అని చుట్టూ చూసింది.

"నాకు పడదమ్మా," అంది అక్క.

"ఏమి పడదు? కాఫీనా?"

"కాఫీ పడతాది. టంబ్లర్ పడదు. నా దాంట్లో పొయ్యండి, తాగతా."

అత్త నా వైపు చూసింది. "ఆ అయ్యరంటే ఆయన మతం. దీనికేమి వచ్చింది?"

"ఆమెకీ ఏదో పళక్కం అయ్యుంటుంది అత్తా," అన్నాను.

అత్తకి అది జవాబే. ఆ మాట తర్వాత ప్రశ్న ఉండదు. తన టంబ్లర్ ఎత్తి అక్క టంబ్లర్‌లో పోసింది, నేను నీళ్ళు పోసినంత ఎత్తు నుంచి. వేడి కాఫీ సగం గట్టు మీద చిందింది. కాఫీ గింజలు తానే వేయించి పొడి పట్టించుకునే మనిషి ఆమె. ఒక్క బొట్టు వృథా అయినా ప్రాణం పోతుంది. రెండో రోజు చెయ్యి కాస్త కిందికి దిగింది. వారానికి ఇంకాస్త. నేను పక్కన నిలబడి రోజూ కొలుస్తున్నాను, కొలవడమే నా చదువు కాబట్టి. ప్రస్తుతం జానెడు.

పాప అక్క డబ్బాలోనే తింటోంది. నేను గంజి కాస్తూనే ఉన్నాను, ఇప్పుడు ఉప్పు సరిపోయేలా. కాటా మీద పాప అంకె పెరిగింది. అక్కది తూచలేదు.

వచ్చే నెలలో రబ్బీ మళ్ళీ వస్తాడు. సర్టిఫికెట్‌కి ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. ఆ సంగతి చెప్పగానే పెరట్లో అన్నం కలుపుతున్న అక్క చెయ్యి ఆపి, కిటికీలోంచి స్టాండు వైపు చూసింది.

"ఈసారీ అడగతాడా?"

"అడుగుతాడు. అడగడమే ఆయన పని."

"అయితే నువ్వు నోరు తెరవద్దు అమ్మణీ. నన్ను పిలువు. నాకు ఇంగ్లీషు వచ్చు."